బెంగళూరులో తమ్ముడి మీద డ్రంకెన్ డ్రైవ్ కేసు: పదివేలు కడితే నిజంగా అయిపోతుందా?

లక్ష్మి_మారతహళ్లి
అందరికీ నమస్తే. మా తమ్ముడు మొన్న శనివారం రాత్రి ఆఫీసు వాళ్ల పార్టీ నుంచి బైక్ మీద వస్తుంటే కోరమంగల దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపి మిషన్‌లో ఊదమన్నారట. రీడింగ్ 78 వచ్చింది. బండి స్టేషన్‌లో పెట్టుకున్నారు. లైసెన్సు తీసుకుని ఒక రసీదు చేతిలో పెట్టి, కోర్టులో కట్టుకోమన్నారు. లైసెన్సు అనంతపురంలో తీసుకున్నది. ఊళ్లో అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు. వాడేమో "పదివేలు కట్టేస్తే అయిపోతుంది అక్కా" అంటున్నాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. నిజంగా అంతేనా? జైలు పడే అవకాశం ఉందా? ఆన్‌లైన్‌లో కట్టొచ్చా? వచ్చే ఏడాది వాళ్ల కంపెనీ అమెరికా పంపుతామంటోంది, దానికేమైనా అడ్డమా? తెలిసినవాళ్లు చెప్పండి.

శీను_కూకట్‌పల్లి
లక్ష్మి గారూ, అసలు బండి పట్టుకోవడమే తప్పు. డ్రంకెన్ డ్రైవ్‌లో వాహనం సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదని హైకోర్టు చెప్పేసింది. స్టేషన్‌కి వెళ్లి గట్టిగా అడగండి.

బీటీఎం_రెడ్డి
కొన్నాళ్లు ఆగమనండి. 2023 ఫిబ్రవరిలో ఇక్కడ ట్రాఫిక్ ఫైన్లకు 50 శాతం రాయితీ ఇచ్చారు కదా. మళ్లీ ఇస్తే ఐదు వేలతో పోతుంది.

ప్లీడర్_హోసూరు_రోడ్
పై రెండు మాటలూ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లకండమ్మా, ఇబ్బంది పడతారు. ఒక్కొక్కటీ చెబుతాను.

శీను గారు చెప్పిన తీర్పు నిజమే. 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఇచ్చింది. తాగినవాడి చేత బండి నడిపించకూడదు కానీ, పక్కన తాగకుండా లైసెన్సు ఉన్నవాళ్లుంటే వాళ్లకు అప్పగించాలి, లేకపోతే దగ్గరివాళ్లను పిలిపించాలి, ఎవరూ రాకపోతే స్టేషన్‌లో భద్రంగా ఉంచి తర్వాత ఇచ్చేయాలి అని ఆ తీర్పు. కానీ అది తెలంగాణ పోలీసులకు కట్టుబాటు. కర్ణాటకలో లాయరు ఉదాహరణగా చూపించొచ్చు, అంతకుమించి బలం లేదు. ఇక్కడ అందరూ చేసేది ఒకటే: కోర్టులో పని ముగించుకుని, ఆ రసీదు స్టేషన్‌లో చూపించి బండి తెచ్చుకోవడం.

రెడ్డి గారూ, ఆ 50 శాతం రాయితీ ఈ-చలానాలకు. సిగ్నల్ జంప్, హెల్మెట్ లాంటివి పోలీసు దగ్గరే డబ్బు కట్టి ముగించుకునే నేరాలు. తాగి నడపడం మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 185, అది అలా రాజీ కుదిరే నేరం కాదు. అందుకే 2019లో కర్ణాటక ప్రభుత్వం చాలా ఫైన్లు తగ్గించినా దీన్ని ముట్టుకోలేకపోయింది. ఇది మేజిస్ట్రేట్ ముందు తేలాల్సిందే.

ఇక శిక్ష సంగతి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేలు, లేదా రెండూ. 2019 సెప్టెంబర్ 1కి ముందు మొదటిసారి జరిమానా రెండు వేలే. ఇంకో మార్పును జనం పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు మూడేళ్లలోపు మళ్లీ దొరికితేనే రెండో నేరంగా లెక్క. ఇప్పుడు ఆ మూడేళ్ల గడువు తీసేశారు. అంటే మీ తమ్ముడు ఇవాళ నేరం ఒప్పుకుని, పదేళ్ల తర్వాత మళ్లీ దొరికినా అది రెండో నేరమే.

మొదటి కేసు, యాక్సిడెంట్ లేదు, ఎవరితోనూ గొడవ లేదు కాబట్టి సాధారణంగా జరిమానాతోనే వదులుతారు. కానీ జైలు వేసే అధికారం మేజిస్ట్రేట్ చేతిలో ఉంది. హైదరాబాద్‌లో రీడింగ్ మరీ ఎక్కువ వచ్చినవాళ్లను కొద్ది రోజులు జైలుకు పంపిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

"కట్టేస్తే అయిపోతుంది" అంటున్నాడు చూడండి, అక్కడే మీ తమ్ముడు పొరబడుతున్నాడు. కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్ష పడిన కేసు, చలానా కాదు. ఉద్యోగం ఫారంలో "మీకెప్పుడైనా శిక్ష పడిందా" అని అడిగితే "లేదు" అని రాయడానికి వీలుండదు.

నవీన్_వైట్‌ఫీల్డ్
సార్, ఒక డౌట్. ఊదను అని మొండికేస్తే ఏం చేస్తారు? మా ఫ్రెండ్స్‌లో ఒకడు, లేటు చేస్తూ పోతే రీడింగ్ దానంతటదే దిగిపోతుందని చెబుతుంటాడు.

ప్లీడర్_హోసూరు_రోడ్
యూనిఫాంలో ఉన్న పోలీసు అనుమానం ఉంటే ఊదమని అడగొచ్చు, సెక్షన్ 203. కాదంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. అరెస్టు చేసిన రెండు గంటల్లోపు డాక్టరు దగ్గర పరీక్ష చేయించాలి, చేయించకపోతే వదిలేయాలి. ఆ రెండు గంటల నిబంధన చూసి మీ ఫ్రెండు సంబరపడుతున్నట్టున్నాడు. సరైన కారణం లేకుండా శ్వాసగానీ రక్తంగానీ ఇవ్వనన్నాడంటే, ఆ నిరాకరణనే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చని సెక్షన్ 205 చెబుతోంది. ఊదితే పదివేలతో పోయేది, ఇలా చేస్తే రాత్రంతా స్టేషన్‌లో కూర్చుని పోలీసు విధులకు అడ్డుపడ్డాడన్న ఇంకో కేసు కూడా మోయాల్సి రావచ్చు.

ల్యాబ్_ప్రసాద్
నేను క్లినికల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. "రెండు పెగ్గులే కదా, గంట ఆగి వెళ్తే చాలు" అని మా బంధువులే అంటుంటారు. ఒకసారి లెక్క చూడండి.

బార్‌లో లార్జ్ అంటే 60 మిల్లీలీటర్లు. మన విస్కీలు 42.8 శాతం. అంటే ఒక లార్జ్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగవాడికి వంద మిల్లీలీటర్ల రక్తంలో అది సుమారు 43 మిల్లీగ్రాముల దాకా తెస్తుంది. అంటే ఒక్క లార్జ్‌కే 30 దాటేస్తుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతం అనుకుంటే, 86 దగ్గరికి వెళ్తుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్ల విస్కీ, అది 128 దాకా తెస్తుంది. 330 మిల్లీలీటర్ల మామూలు బీరు ఒక్కటి తాగితే 27, అంచు మీద ఉన్నట్టే. బరువు తక్కువున్నవాళ్లకు, ఆడవాళ్లకు అదే మోతాదుకు ఇంకా ఎక్కువ వస్తుంది.

దిగేటప్పుడు లివరు గంటకు సుమారు 15 చొప్పునే దించుతుంది. కొందరికి 10, కొందరికి 20. నిమ్మరసం, పెరుగు, చన్నీళ్ల స్నానం, బ్లాక్ కాఫీ, ఏది పట్టించినా ఆ వేగం మారదు. లక్ష్మి గారి తమ్ముడి 78 కాస్తా 30 కిందకి రావాలంటే మూడు గంటల పైనే పడుతుంది. క్వార్టర్ కొట్టి అర్ధరాత్రి పడుకున్నవాడు తెల్లారి ఆరింటికి లేచి బండి తీస్తే మిషన్‌లో ఇంకా 30 పైనే చూపించొచ్చు. ఇక్కడ స్కూలు వ్యాన్ల డ్రైవర్లను పొద్దున్నే ఆపి ఊదిస్తున్నది అందుకే. నిద్ర లేచాం కాబట్టి దిగిపోయిందనుకోవడం చాలా ప్రమాదం.

మౌత్‌వాష్ గురించి కూడా అడుగుతుంటారు. నోట్లో మిగిలిన ఆల్కహాల్ పావుగంటలో పోతుంది. నిజంగా మౌత్‌వాషే అయితే పదిహేను నిమిషాలాగి రెండోసారి ఊదించమని అడగండి, తేలిపోతుంది.

బీటీఎం_రెడ్డి
లెక్క బాగుంది ప్రసాద్ గారూ, కానీ నా బాధ వేరు. బార్లను రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంచుతారు. మెట్రో మాత్రం దాదాపు పదకొండుకల్లా మూసేస్తారు. క్యాబ్ బుక్ చేస్తే రాత్రిపూట రేటు రెండింతలు. బార్ల ముందు బైకుల పార్కింగ్‌కి తెల్లగీతలు గీసి మరీ చోటిస్తారు. తాగి నడపడం తప్పే, నేను కాదనను. కానీ పాతిక వేల జీతగాడి దగ్గర పదివేలు తీసుకునే ప్రభుత్వం, ఒంటిగంటకు ఇంటికి చేరే దారి కూడా చూపించాలి కదా. డిసెంబర్ 31న ఫ్లైఓవర్లు మూయడం, అడుగడుగునా పోలీసులను పెట్టడం చేతనవుతుంది. మిగతా వారాంతాల్లో బార్లున్న రోడ్లకు నాలుగు బస్సులు వేయలేరా?

సుజాత_కేఆర్‌పురం
రెడ్డి గారూ, బస్సులు వేయాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ చాలామంది పదివేల దగ్గరే ఆగిపోయి మాట్లాడుతున్నారు, అందుకే రాస్తున్నాను.

2021లో మా బావ హోస్కోటె వైపు నుంచి స్కూటీ మీద వస్తుంటే రాత్రి ఒంటిగంటకు ఒక కారు వెనక నుంచి గుద్దింది. కారు నడిపినవాడు దిగి నిలబడలేకపోయాడని, అక్కడ టీ కొట్టు అతను మాతో చెప్పాడు, పోలీసులకూ చెప్పాడు. మా బావ తెల్లవారేలోపే పోయాడు. ఆ మనిషి రక్తం తీసింది మర్నాడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు. పోలీసు లెటరు లేదని ఆసుపత్రిలో అన్నారు, ఆసుపత్రి వాళ్లే తీయలేదని స్టేషన్‌లో అన్నారు. రిపోర్టులో ఆల్కహాల్ కనిపించలేదని వచ్చింది. దాంతో కేసు నిర్లక్ష్యం వల్ల మరణం, పాత ఐపీసీ 304ఏ కిందే మిగిలింది. ఆ సెక్షన్‌కు గరిష్ఠంగా రెండేళ్లు. ఇప్పటికీ వాయిదాలే. మా అక్క ఇద్దరు పిల్లలతో ధర్మవరంలో అమ్మ దగ్గర ఉంటోంది. వాయిదా పడ్డప్పుడల్లా పొద్దున రైలెక్కి వస్తుంది, సాయంత్రం రైలుకు పోతుంది.

ఊదకుండా లేటు చేస్తే దిగిపోతుందని నవీన్ గారి ఫ్రెండు చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంట్లో జరిగింది అదే.

నవీన్_వైట్‌ఫీల్డ్
సుజాత గారూ, చాలా బాధగా ఉంది. ఆ మాట నేను ఇక్కడ రాసి ఉండాల్సింది కాదు.

ల్యాబ్_ప్రసాద్
సుజాతమ్మా, ఒంటిగంట నుంచి పన్నెండు దాకా పదకొండు గంటలు. గంటకు 15 చొప్పున 165 దిగిపోతుంది. అంటే ఆ మనిషి క్వార్టర్ పైన తాగి ఉన్నా మధ్యాహ్నానికి సున్నా రావడానికే అవకాశం ఎక్కువ. ఆ రిపోర్టు చెప్పేది మధ్యాహ్నం పన్నెండింటి సంగతి మాత్రమే, రాత్రి ఒంటిగంట సంగతి కాదు. శాంపిల్ తీసిన సమయం రిపోర్టు మీద ఉంటుంది. మీ లాయరు ఆ సమయం చూపించి, డాక్టరును సాక్షిగా పిలిపించి, ఈ దిగే లెక్క కోర్టులో అడిగించవచ్చు. అడిగారో లేదో ఒకసారి కనుక్కోండి.

ప్లీడర్_హోసూరు_రోడ్
ప్రసాద్ గారు చెప్పినది తప్పకుండా చేయించండమ్మా. టీ కొట్టు అతని వాంగ్మూలం కూడా ముఖ్యమే. అతను ఊరు మారకముందే కోర్టులో సాక్ష్యం చెప్పించాలని మీ వైపు నుంచి గుర్తు చేస్తూ ఉండండి.

మిగతావాళ్ల కోసం: మనిషి చనిపోతే కథ సెక్షన్ 185 దగ్గర ఆగదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మరణం ఇప్పుడు సెక్షన్ 106(1), ఐదేళ్ల దాకా జైలు. గుద్ది పారిపోతే పదేళ్లు అనే 106(2)ను మాత్రం లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత అమల్లోకి తేలేదు. తాగి నడిపితే ప్రాణం పోతుందని తెలిసే నడిపాడని కోర్టు నమ్మితే అది సెక్షన్ 105, పదేళ్ల దాకా జైలు. ముంబై కార్టర్ రోడ్డులో 2006లో పేవ్‌మెంట్ మీద పడుకున్న ఏడుగురు కూలీలను చంపిన కారు కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇదే దారిలో వెళ్లింది, అప్పటి 304 రెండో భాగం కింద. అలాంటి కేసులో అన్నిటికంటే ముందు కావలసింది సకాలంలో తీసిన రక్తం శాంపిల్. సుజాత గారి కుటుంబానికి అందకుండా పోయింది అదే.

సర్వేయర్_మూర్తి
ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. జనానికి అర్థంకాని సంగతి ఒకటుంది, చెబుతాను. మోటారు పాలసీలో, తాగి నడిపితే సొంత బండి డ్యామేజీకి చెల్లించం అని రాసి ఉంటుంది. కేసు పెట్టకపోయినా, ఊదించకపోయినా తప్పించుకోవచ్చనుకోకండి. ఢిల్లీలో 2007లో ఒక పోర్షే కారు గుద్దుకుంటే మిషన్ పరీక్ష లేదు, రక్త పరీక్ష లేదు, డాక్టరు దగ్గర వాసన మాత్రం నమోదైంది. 2021లో సుప్రీంకోర్టు క్లెయిం ఇవ్వక్కర్లేదని ఇన్సూరెన్స్ కంపెనీ వైపే తీర్పిచ్చింది.

ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే ఇంకా పెద్ద సంగతి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో, డ్రైవరు తాగి ఉన్నాడన్నది కంపెనీ వాదించుకోదగ్గ కారణంగా చేరింది. బాధితుల కుటుంబం నష్టపోకూడదని ట్రిబ్యునళ్లు, హైకోర్టులు చాలాసార్లు ముందు కంపెనీని చెల్లించమంటాయి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. సంపాదించే మనిషి పోతే పరిహారం సులువుగా ముప్పై నలభై లక్షలు అవుతుంది. ఆ వసూలు నోటీసు ఇంటికొచ్చాక పొలం అమ్మినవాళ్లను చూశాను.

చెన్నై_వెంకట్
చెన్నైలో 2022 అక్టోబర్ నుంచి నడిపినవాడితో పాటు వెనక కూర్చున్నవాళ్ల మీదా కేసు పెడుతున్నారు. తాగాడని తెలిసి అతని బండెక్కినా ప్రోత్సహించినట్టే అని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 188 వాడుతున్నారు. ఆ సెక్షన్ దేశమంతటికీ ఉన్నదే. కాబట్టి "నేను నడపలేదు కదా" అనుకోకండి. తాగిన ఫ్రెండు చేతిలో మీ బండి తాళం పెట్టినా అది మీకూ చుట్టుకుంటుంది.

యాక్టింగ్_డ్రైవర్_బాబ్జీ
నేను పన్నెండేళ్లుగా ఇక్కడ యాక్టింగ్ డ్రైవర్‌ని. మాది రాజంపేట. పార్టీ ఉందంటే సాయంత్రమే ఫోన్ చేయండి సార్. రాత్రి పన్నెండున్నరకు బార్ బయట నిలబడి ఫోన్ చేస్తే ఆ టైంలో మాలో ఎవరూ దొరకరు, అప్పటికే అందరం ఏదో ఒక కారులో ఉంటాం. కారున్నవాళ్లకు ఇంటి దాకా దించడానికి, పదివేలలో పదో వంతు కూడా కాదు. బైకు మీద వచ్చినవాళ్లకు మేం పనికిరాం, అది నిజమే. బైకు ఆఫీసు పార్కింగ్‌లోనే వదిలేసి ఆటో ఎక్కండి. మర్నాడు మధ్యాహ్నం వచ్చి తీసుకోండి, పొద్దున్నే వద్దు, ల్యాబ్ సార్ చెప్పిన లెక్క చూశారు కదా.

రాయలసీమ_పద్మ
మన దారిలోనే 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది గుర్తుందా? హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న బస్సు. బైక్ నడిపిన కుర్రాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. అతను పడిపోయి చనిపోయాడు, రోడ్డు మీద ఉన్న ఆ బైకును బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు లేచాయి. బస్సులో 19 మంది పోయారు. బస్సుదీ తప్పుంది, దాని మీద విచారణ వేరే. కానీ "బైకే కదా, పడితే నాకే దెబ్బ" అనేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

హరిత_బెల్లందూర్
లక్ష్మి గారి వీసా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. అమెరికా వీసా ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. జరిమానాతో పోయినా ఉన్నది ఉన్నట్టే రాయాలి. దాచితే అబద్ధం చెప్పారన్న కారణంతో శాశ్వతంగా తలుపు మూసుకుపోవచ్చు. నిజం రాస్తే కోర్టు కాగితాలు అడుగుతారు, మెడికల్ పరీక్షకు పంపొచ్చు, ఆలస్యమవుతుంది. ఒక్క కేసుతో వీసా పోతుందని కాదు. కానీ వీసా వచ్చాక తాగి నడిపి అరెస్టయితే ఉన్న వీసాను కూడా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి నడుస్తోంది. కాబట్టి కోర్టు తీర్పు కాపీ, జరిమానా కట్టిన రసీదు, రెండిటికీ సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే తీసి పెట్టుకోమనండి. ఐదేళ్ల తర్వాత ఆ ఫైలు వెతకడం నరకం.

లక్ష్మి_మారతహళ్లి
అందరికీ చాలా థాంక్స్. సుజాత గారూ, మీరు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మానాన్నలకు తనే చెబుతానన్నాడు. గురువారం కోర్టుకు వెళ్తున్నాం. ప్లీడర్ గారూ, ఏమేం తీసుకెళ్లాలి? ఒప్పుకోవాలా, పోరాడాలా? అలాగే ఈ రెండు రోజులు ఫ్రెండు స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్తున్నాడు. లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదు జేబులో ఉంది కదా, అది చూపిస్తే సరిపోతుంది అంటున్నాడు. సరిపోతుందా?

ప్లీడర్_హోసూరు_రోడ్
సరిపోదు. ముందు ఆ స్కూటర్ ఈ పూటే ఆపించండి. మామూలుగా పోలీసు లైసెన్సు తీసుకుని ఇచ్చే రసీదుతో బండి నడపొచ్చు. కానీ తాగి నడిపిన కేసులో లైసెన్సును సెక్షన్ 206(4) కింద తీసుకుంటారు. ఆ రసీదు ఉన్నా, లైసెన్సు తిరిగి వచ్చేదాకా నడపకూడదని అక్కడే స్పష్టంగా రాసి ఉంది. ఈ రెండు రోజుల్లో ఎవరికైనా తగిలించి ఉంటే, మూర్తి గారు చెప్పిన వసూలు నోటీసు ఆ ఫ్రెండు పేరు మీద వచ్చేది. లైసెన్సు మీద నిర్ణయం సెక్షన్ 19 కింద లైసెన్సింగ్ అధికారిది. అనంతపురం లైసెన్సయినా తేడా లేదు, రికార్డంతా ఆన్‌లైన్‌లోనే ఉంది. కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది.

కోర్టుకు ఆధార్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పోలీసులిచ్చిన రసీదు, మిషన్ ప్రింటు తీసుకెళ్లండి. ప్రింటు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, దాని మీద సమయం, బండి నంబరు, రీడింగ్ సరిగ్గా ఉన్నాయో చూడండి. 32, 33 లాంటి రీడింగైతే మిషన్‌ను ఎప్పుడు సరిచూశారో అడుగుతూ కేసు నడపమని నేనే చెబుతాను. 78కి ఆ వాదన నిలబడదు. ఒప్పుకునే ముందు మాత్రం లాయరుతో పది నిమిషాలు కూర్చోమనండి, శిక్ష పడిన కేసు అంటే ఏమిటో తెలిసి ఒప్పుకోవాలి. పదకొండు గంటలకల్లా కోర్టు హాల్లో ఉండండి. పేరు పిలిచినప్పుడు లేకపోతే సమన్లు, తర్వాత వారెంటు. బండి తెచ్చుకోవడానికి స్టేషన్‌కి వెళ్లేటప్పుడు లైసెన్సున్న ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి. ఆ బైకు ఇంటికి నడపాల్సింది వాళ్లే.